మూత కింది శాఖ

బెంగళూరులో ఆదివారం, ఉగాది, రెండో శనివారం అనే తేడా లేకుండా ఇరవై నాలుగ్గంటలూ పనిచేసే శాఖ ఒకటుంది. అక్కడ 'రేపు రండి' అనే మాట వినపడదు. ఫైలు ఏ సీటు దగ్గరా ఆగదు. ఎవరి చెయ్యీ తడపనక్కర్లేదు, అక్కడ అన్నీ ముందే తడిసి ఉంటాయి. దాని కార్యాలయం మారతహళ్లి రోడ్డు కింద, కోరమంగళ కింద, మెజెస్టిక్‌లో మీరు బస్సు దిగి కాలు మోపిన చోటు కింద ఉంది. జనం దాన్ని యూజీడీ లైను అంటారు, అంటే భూమి కింది మురుగు గొట్టాలు. సిబ్బంది అంతా సూక్ష్మజీవులే. నవంబరు ఒకటిన కర్ణాటక ప్రభుత్వం ఇచ్చే రాజ్యోత్సవ ప్రశస్తుల జాబితా వచ్చినప్పుడల్లా ఆశగా వెతుకుతాను. వాళ్లలో ఒక్కరి పేరూ ఉండదు.

నగరం తన గొప్పంతా నీళ్లు తేవడంలోనే చూపించుకుంటుంది. వంద కిలోమీటర్ల అవతలి కావేరిని దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు తోడి మన కుళాయిలో పోస్తారు. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలై రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు వస్తాయంటే పండగ చేసుకున్నాం. వచ్చే నీళ్లకు మేళతాళాలు ఉన్నాయి గానీ, పోయే నీళ్లను సాగనంపే దిక్కు లేదు. సింకు రంధ్రం దాటగానే వాటితో మనకు చుట్టరికం తెగిపోతుంది. శుద్ధి కేంద్రం చేరేదాకా అవి ఊరికే దొర్లుకుంటూ పోతాయని మన నమ్మకం. ఊరికే ఎక్కడ పోతాయి? కెమిస్ట్రీ అంతా ఆ దారిలోనే మొదలైపోతుంది.

గొట్టం లోపలి గోడకు జిగురు పొర ఒకటి పట్టి ఉంటుంది. మందం చూడబోతే మిల్లీమీటర్లలోనే. అందులోనే సెక్షన్లు. నీటికి ఆనుకుని ఉండే పై వరస వాళ్లు కరిగిన ఆక్సిజన్ అంతా వచ్చీరాగానే కాజేస్తారు. కింది వరసకు ఏమీ మిగలదు. అయినా వాళ్లు ధర్నాకు కూర్చోరు. ఆక్సిజన్ లేకపోతే సల్ఫేటుతో సరిపెట్టుకుంటారు, పని ముగిశాక సల్ఫైడు బయటికి వదులుతారు. ఇంకా అడుగున మీథేన్ సెక్షన్. మరో పక్క మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చేవాళ్లు, పప్పూ నెయ్యీ పులియబెట్టి ఆమ్లాలు తీసేవాళ్లు. రాత్రి మీరు వేసుకున్న పారాసిటమాల్‌లో ఒంట్లో ఖర్చు కానిది ఉంటే దాన్నీ వదలరు. శుద్ధి కేంద్రానికి చేరేది మనం పంపిన నీళ్లు కావు, వీళ్లు సవరించి పంపిన ప్రతి.

ముడిసరుకు సరఫరా మనదే. ఆంధ్రా మెస్సులో ప్లేటు కడిగిన ప్రతిసారీ వాళ్లకు భోజనం పోతుంది. చవక బట్టల పొడిలో బరువు కోసం కలిపేది సోడియం సల్ఫేటు. కొన్ని బోర్ల నీళ్లలో సల్ఫేటు పుట్టుకతోనే ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్లు తేర్చడానికి వేసే పటిక ఒక ఎత్తు. పటిక అంటే అల్యూమినియం సల్ఫేటే. ఆస్ట్రేలియాలో సౌత్ ఈస్ట్ క్వీన్స్‌లాండ్ మురుగులోకి సల్ఫేటు ఎక్కణ్నించి వస్తోందా అని అక్కడి పరిశోధకులు ఆరా తీసి, పెద్ద వాటా తాగునీటిలో వేసిన పటికదేనని 2014లో తేల్చారు. అంటే తాగే నీళ్లు శుభ్రం చేసే పుణ్యంలోనే మురుగు గొట్టాన్ని తినే పాపమూ కలిసి ఉంది. చిల్లగింజ అరగదీసి బిందెలో నీళ్లు తేర్చుకున్న మన అమ్మమ్మలకు ఈ పాపం అంటలేదు. అయితే కోటిమందికి పైగా ఉన్న ఊరికి చిల్లగింజలు ఎవడు అరగదీస్తాడు?

ఇప్పుడు పై అంతస్తుకు వెళదాం. అసలు ప్రతిభ అక్కడుంది. మురుగు ఎత్తు నుంచి కిందికి దూకిన చోట, సుడి తిరిగిన చోట సల్ఫైడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా పైకి లేస్తుంది. గొట్టం పైకప్పుకు చెమ్మ పట్టి ఉంటుంది. ఆ చెమ్మలో కాపురం ఉండే బాక్టీరియాకు ఆక్సిజన్ దొరుకుతుంది కాబట్టి, ఈ వాయువును సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. కొత్త కాంక్రీటు పీహెచ్ (అది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఘాటు) పన్నెండు దాటి ఉంటుంది. వీళ్ల చేతిలో పడ్డాక పైపొర పీహెచ్ రెండుకో, ఒకటికో దిగుతుంది. సిమెంటులోని సున్నం జిప్సం అయిపోతుంది. వేలితో నొక్కితే లోపలికి దిగబడే తెల్లటి ముద్ద, మధ్యలో పట్టు వదిలేసిన కంకర. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఇలా కరిగించగలరు. ఇది జీవుల పనేనని 1945లోనే మెల్‌బోర్న్‌లో పార్కర్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. కాబట్టి మనకు తెలియడానికి తగినంత వ్యవధి ఇవ్వలేదని ఎవరూ అనలేరు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఎప్పుడూ మురుగులో మునిగి ఉండే అడుగు భాగం నిక్షేపంగా ఉంటుంది. మురుగు తగలని పైకప్పే పోతుంది. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు అడుగు చూసి తృప్తిగా వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత రోడ్డు కుంగి బస్సు చక్రం దిగబడితే వాన ఉండనే ఉంది, నింద మొయ్యడానికి.

ఈ శాఖ పనికి అడ్డుపడే మార్గాలు లేకపోలేదు. మురుగులో నైట్రేటు కలిపితే బాక్టీరియా ముందు దాని మీద పడుతుంది, సల్ఫేటు జోలికి అంతగా పోదు. ఇనుప లవణాలు వేస్తే సల్ఫైడును పట్టి అడుగున కూర్చోబెడతాయి. గొట్టానికి లోపల ఆమ్లం అంటని పూత వేయొచ్చు. వీటన్నిటిలోనూ పెద్ద లోపం ఒకటే, రిబ్బను కట్టడానికి చోటు దొరకదు. భూమిని వేడెక్కించే మీథేన్ సంగతి ఇంకా సుఖం. మూసి ఉన్న మురుగు గొట్టాల నుంచి చెప్పుకోదగ్గంత మీథేన్ రాదన్న నమ్మకాన్ని వాతావరణ మార్పుల లెక్కలు చూసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ వారి 2006 మార్గదర్శకాలే వెలిబుచ్చాయి. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో కొందరు మూత తీసి కొలిచి ఆ నమ్మకాన్ని పాడుచేశారు. మనవాళ్లు అలాంటి అపచారాలకు పోరు.

మా అపార్టుమెంటులో రెండు ఇళ్లలో దేవుడి దగ్గరి వెండి కుందులు నల్లబడ్డాయి. దిష్టి అన్నారు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టారు. హైడ్రోజన్ సల్ఫైడ్ గుమ్మడికాయను లెక్కచేయదని చెబితే చెడ్డవాణ్ననిపించుకోవాలి, అందుకని ఊరుకున్నాను.

ఆ వాయువుకు మర్యాద తెలుసు. కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపుతో ముందే కబురు పెడుతుంది. పది లక్షల పాళ్లలో వంద పాళ్లు ఉన్న గాలిలో ముక్కు పనిచేయడం మానేస్తుంది. కంపు పోయిందని మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. ఐదు వందలు దాటితే పడిపోతాడు. పట్టుకుందామని దిగినవాడూ పడతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని మ్యాన్‌హోల్‌లోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. చనిపోయినవాడి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. 2025 జనవరిలో బెంగళూరుతో సహా ఆరు మహానగరాల పేర్లు పెట్టి మరీ మనుషుల చేత మురుగు తీయించడాన్ని నిషేధించింది. సల్ఫేటు తినేవాళ్లకు ఈ ఉత్తర్వుల ప్రతులు అందలేదు. మనకు అందాయి. ఈ ఊరిని ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని, వాళ్లను మురుగులోకి దించడాన్ని మాన్పించడానికి జీవితమంతా పోరాడి 2016లో మెగసెసె పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని కోలార్ బంగారు గనుల ఊళ్లో. ఆయన ఫొటోను మన తెలుగు సంఘాల గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసుకుని 'మనవాడే' అనుకుంటాం. దిగేవాడు కూడా మనవాడేనన్న మెసేజ్ మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

పోయిన నెల మా అసోసియేషన్ మీటింగులో ఈ శాఖకు సంబంధించిన అంశం తొలిసారి చర్చకు వచ్చింది. చాంబరు మీది గాలిగొట్టం నుంచి కంపు వస్తోందనీ, ఫ్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని వెళ్లిపోతున్నారనీ, దాని మూతికి బిరడా కొట్టించాలనీ తీర్మానం. బిరడా కొలత తీసుకోవడానికి పిలిపించిన మదనపల్లె ప్లంబరు తలుపు దగ్గర నిలబడి అడిగాడు: "దాన్ని మూసేస్తే కంపు యాడికి పోతాది సార్? లోపలే ఉంటాది. రేపు లైను జామ్ అయితే దిగేదెవురు సార్?"

ఆ విషయం అజెండాలో లేదని కార్యదర్శిగారు చెప్పారు. ప్లంబరుకు సభ్యత్వం లేదు కాబట్టి తీర్మానం ఏకగ్రీవమే.