షెల్ మొరాయిస్తే చూడాల్సింది లాఫ్ట్‌నే

క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) నేర్చుకునేవాళ్లలో చాలామందికి లాఫ్ట్ (రెండు ఆకారాలను కలిపి ఘనరూపం చేసే కమాండ్) దాకా బండి సాఫీగానే నడుస్తుంది. కింద చతురస్రం, పైన వృత్తం గీసి రెంటినీ ఎంచుకుంటే మధ్యలో ఘనరూపం దానంతటదే తయారవుతుంది. దాన్ని బోలుగా చేద్దామని షెల్ కమాండ్ తెరిచి, పై ఫేస్ (ఉపరితలపు ముక్క) ఎంచి, గోడ మందం 2 మి.మీ. ఇవ్వగానే ఎర్రర్ పడుతుంది. ఆ తర్వాత జరిగే తంతు దాదాపు అందరిదీ ఒకటే. 2 తీసి 1.5 పెడతారు, అదీ కుదరకపోతే 1 పెడతారు. ఏదో ఒక అంకెకు షెల్ ఒప్పుకోగానే హమ్మయ్య అనుకుని ముందుకు పోతారు. ఆ మందం వస్తువుకు కావాల్సిందా, సాఫ్ట్‌వేర్‌కు మింగుడుపడిందా అని ఆగి చూసేవాళ్లు తక్కువ. మందం తగ్గిస్తే లోపం పోదు, కనబడకుండా పోతుంది అంతే. అది ఉన్నది షెల్‌లో కాదు, దానికి ముందు వేసిన లాఫ్ట్‌లో.

షెల్ చేసే పని చాలా సాదాసీదాది. ఎంచిన ఫేస్‌ను తీసేసి, ఘనరూపం మీది మిగతా ప్రతి ఫేస్‌నూ ఇచ్చిన మందమంత లోపలికి జరుపుతుంది. జరిగిన ఫేస్‌లు ఒకదాన్నొకటి ఎక్కడ ఖండిస్తాయో లెక్కగట్టి, మిగులు భాగాలను కత్తిరించి అతుకుతుంది. పెట్టె లాంటి ఆకారంలో ఇది క్షణంలో అయిపోతుంది, ఎందుకంటే ఖండన రేఖలన్నీ స్పష్టంగా దొరుకుతాయి. చతురస్రం నుంచి వృత్తానికి వెళ్లే లాఫ్ట్‌లో అలా కాదు. అడుగున పక్కపక్క ఫేస్‌లు 90 డిగ్రీల వద్ద కలుస్తాయి. పైకి వెళ్లేకొద్దీ ఆ మూల మొద్దుబారుతూ, వృత్తం దగ్గరికి చేరేసరికి పూర్తిగా మాయమై రెండు ఫేస్‌లూ ఒకే నునుపులో కలిసిపోతాయి. అలా కలిసిన చోట జరిపిన ఫేస్‌లు ఒకదాన్నొకటి ఖండించవు, రాసుకుంటాయి. ఖండన రేఖ ఎక్కడుందో తేల్చుకోలేక లెక్క అక్కడ కుప్పకూలుతుంది. అందుకే అడుగు నుంచి చూస్తే బాగానే ఉన్న ఆకారం మూతి దగ్గర మొండికేస్తుంది.

దీనికి విరుగుడు అడుగు స్కెచ్‌లోనే (చదునుగా గీసిన బొమ్మలోనే) ఉంది. 100 మి.మీ. చతురస్రం నాలుగు మూలల్నీ స్కెచ్‌లోనే 8 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రం చేయండి. ఇప్పుడు దానిలో నాలుగు గీతలు, నాలుగు చాపాలు, మొత్తం 8 ముక్కలున్నాయి. పైనున్న 60 మి.మీ. వ్యాసపు వృత్తాన్ని కూడా స్ప్లిట్ ఎంటిటీస్ టూల్‌తో 8 చాపాలుగా విడగొట్టండి. గీతకు ఎదురుగా పొడుగు చాపం, మూలకు ఎదురుగా పొట్టి చాపం రావాలి, పొట్టి చాపాల మధ్య బిందువులు 45, 135, 225, 315 డిగ్రీల మీద పడాలి. ఇది మనం చెప్పకపోతే ఏ బిందువుకు ఏ బిందువు జత అన్నది సాఫ్ట్‌వేర్ ఊహించుకుంటుంది. చాలా ప్రోగ్రాములు వృత్తం మొదలును ఎక్స్ అక్షం మీద పెట్టుకుంటాయి, చతురస్రం మూలేమో 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. గుడ్డ పిండినట్టు ఆకారం మెలిపడేది ఈ తేడా వల్లే. సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ ప్రోగ్రాములో ప్రివ్యూలో కనిపించే ఆకుపచ్చ కనెక్టర్ చుక్కలను లాగి సరిచేయొచ్చు గానీ, ముక్కల లెక్క స్కెచ్‌లోనే సరిపోతే వాటిని ముట్టుకునే పనే ఉండదు. ఇంకా నునుపు కావాలంటే అడుగు ప్రొఫైల్ (స్కెచ్‌లోని ఆకారం) మొత్తాన్ని ఫిట్ స్ప్లైన్ టూల్‌తో ఒకే వక్రంగా మార్చి, వృత్తాన్ని విడగొట్టకుండా వదిలేయండి. అప్పుడు చుట్టుగోడంతా ఒకే ఫేస్ అవుతుంది, షెల్‌కు వెతకాల్సిన ఖండన రేఖలే తగ్గిపోతాయి.

ఇక వ్యాసార్థం లెక్క. బయటి వంపు వ్యాసార్థం 3 మి.మీ., గోడ 2 మి.మీ. అయితే లోపలి వంపుకు 1 మి.మీ. మిగులుతుంది. బయట 1.5 మాత్రమే ఉంటే లోపల ఏమీ మిగలదు, ఉపరితలం తనను తానే దాటిపోతుంది. మామూలు ఫిల్లెట్ (మూలను గుండ్రం చేసే వంపు) అయితే ప్రోగ్రాము దాన్ని తొలగించి సర్దుకోవచ్చు, లాఫ్ట్ వక్రతలో అలా సర్దుకునే వీలు తక్కువ. కాబట్టి గోడ మందం చివర్లో ఇచ్చే అంకె కాదు, స్కెచ్ గీయకముందే తేల్చుకోవాల్సిన అంకె. సాలిడ్‌వర్క్స్‌లో చెక్ టూల్ కనిష్ఠ వక్రతా వ్యాసార్థం (అతి బిగువైన వంపు వ్యాసార్థం) ఎంతో, ఎక్కడుందో చూపిస్తుంది. ఆ విలువ గోడ మందం కంటే తక్కువగా ఉంటే షెల్ నొక్కి లాభం లేదు. లాఫ్ట్‌ను ఒక బిందువు దగ్గర ముగించినా ఇదే గొడవ, మొన దగ్గర వ్యాసార్థం సున్నా. మొన కొట్టేసి చిన్న వృత్తంతో ముగించడమే మేలు.

ఫిల్లెట్ ముందా, షెల్ ముందా అన్నది ఇష్టాయిష్టాల విషయమని కొందరు చెబుతారు. కాదు. నిలువు గోడల 90 డిగ్రీల మూలను 2 మి.మీ. మందంతో ముందు షెల్ చేసి, తర్వాత బయటివైపు మాత్రమే 5 మి.మీ. ఫిల్లెట్ వేస్తే మూలలో మిగిలేది 0.76 మి.మీ. మాత్రమే. 7 మి.మీ. వేస్తే మూలకు చిల్లు పడుతుంది. ఫిల్లెట్ ముందు వేస్తే లోపల 3, బయట 5 వ్యాసార్థంతో గోడ అంతటా 2 మి.మీ. నిలుస్తుంది.

షెల్ ఎంతకీ ఒప్పుకోనప్పుడు చాలామంది పట్టే అడ్డదారి రెండో లాఫ్ట్. ప్రతి స్కెచ్‌నూ 2 మి.మీ. లోపలికి ఆఫ్‌సెట్ చేసి (జరిపి), ఆ చిన్న ప్రొఫైల్స్‌తో లాఫ్ట్ కట్ వేసి లోపలి భాగం తీసేస్తారు. పని జరుగుతుంది, కానీ గోడ 2 మి.మీ. రాదు. ఆఫ్‌సెట్‌ను కొలిచింది స్కెచ్ గీసిన చదును తలంలో, గోడేమో వాలుగా ఉంది. 100 మి.మీ. వ్యాసం నుంచి 60 మి.మీ. వ్యాసానికి 40 మి.మీ. ఎత్తులో దిగే గరాటు తీసుకుంటే గోడ నిలువు నుంచి సుమారు 26.6 డిగ్రీలు వాలుతుంది, అసలు మందం 1.79 మి.మీ. వాలు 45 డిగ్రీలైతే 1.41. అంటే దాదాపు మూడో వంతు గోడ గాల్లో కలిసిపోయినట్టే. షెల్‌లో లెక్క తిరగబడుతుంది. గోడ కచ్చితంగా 2 మి.మీ. వస్తుంది గానీ, అదే గరాటు మూతి లోపలి వ్యాసం 56 కాకుండా 55.5 మి.మీ. అవుతుంది. దానిలో గొట్టం దూర్చాలనుకున్నవాళ్లకు ఇది త్రీడీ ప్రింట్ అయ్యాక గానీ తెలియదు. మూతి దగ్గర 10 మి.మీ. నిటారు మెడను ఎక్స్‌ట్రూడ్ చేసి (ఆకారాన్ని నేరుగా సాగదీసి), తర్వాత షెల్ చేస్తే కొలత కుదురుతుంది. ఆ మెడను కూడా అదే లాఫ్ట్‌లో అదనపు సెక్షన్‌గా (ఇంకో ప్రొఫైల్‌గా) పెట్టకండి. సెక్షన్లన్నిటి గుండా నునుపైన వక్రం పోవాలి కాబట్టి నిటారు భాగం ఉబ్బుతుంది లేదా నడుం సన్నబడుతుంది.

ఏ కెర్నల్ (ఆకారాల లెక్కలు చేసే లోపలి ఇంజిన్) మీద పనిచేస్తున్నామన్నది కూడా తేడా తెస్తుంది. సాలిడ్‌వర్క్స్, ఆన్‌షేప్ పారాసాలిడ్ మీద నడుస్తాయి, ఫ్రీక్యాడ్ ఓపెన్ క్యాస్కేడ్ మీద. ఉచితం కాబట్టి విద్యార్థులు ఫ్రీక్యాడ్ వైపు వెళ్లడం మంచిదే, కానీ అందులో షెల్ పని చేసే థిక్‌నెస్ టూల్ లాఫ్ట్ ఆకారాల మీద త్వరగా చేతులెత్తేస్తుంది. జాయిన్ టైప్‌ను (ఫేస్‌లు ఎలా కలవాలన్న ఎంపికను) ఆర్క్ నుంచి ఇంటర్‌సెక్షన్‌కు మార్చి చూడాలి. అదీ కాకపోతే సబ్‌ట్రాక్టివ్ లాఫ్టే (పైన చెప్పిన లాఫ్ట్ కట్ లాంటిదే) గతి, అప్పుడు ఆఫ్‌సెట్‌ను గోడ వాలు కొసైన్‌తో భాగించి పెంచుకోవాలి. 26.6 డిగ్రీల వాలుకు 2 బదులు 2.24 మి.మీ. ఆటోక్యాడ్‌లో సాలిడ్‌ఎడిట్ కమాండ్ కింద ఉండే షెల్‌కు ప్లస్ విలువ ఇస్తే గోడ లోపలికి, మైనస్ ఇస్తే బయటికి వస్తుంది.

వీటన్నిటికంటే ఖరీదైన పొరపాటు మరొకటి ఉంది. రేకుతో చేయాల్సిన ఏసీ డక్ట్ ట్రాన్సిషన్‌ను (చతురస్రపు గొట్టాన్ని గుండ్రటి గొట్టానికి కలిపే ముక్కను) లాఫ్ట్, షెల్‌లతో గీసి వర్క్‌షాపుకు పంపడం. గీత నుంచి చాపానికి సాగే లాఫ్ట్ ఉపరితలం మెలితిరిగినది, దాన్ని చదునుగా విప్పడం కుదరదు. రేకు పని కోరేది నాలుగు చదును త్రిభుజాలు, నాలుగు శంకు భాగాలు. చతురస్రం ఒక్కో భుజం ఒక్కో త్రిభుజానికి ఆధారం, ఒక్కో మూల ఒక్కో శంకుకు మొన. వృత్తాన్ని ఇక్కడ విడగొట్టాల్సింది 45 దగ్గర కాదు, 0, 90, 180, 270 డిగ్రీల దగ్గర. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం డ్రాయింగ్‌లో డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్ (ఉపరితలాలను చదునుగా విప్పడం) అంటూ మన పిల్లలు కాగితం మీద చేసేది ఇదే. క్యాడ్ ల్యాబ్‌కు వచ్చేసరికి ఆ పాఠానికీ ఈ కమాండ్‌కూ ఉన్న చుట్టరికం ఎవరూ చెప్పరు. ఇలాంటి పనికి సాలిడ్‌వర్క్స్‌లో షీట్ మెటల్ కింద లాఫ్టెడ్ బెండ్ వేరుగా ఉంది. దానికి మూసిన ప్రొఫైల్ పనికిరాదు, రెండు స్కెచ్‌లలోనూ ఒకే వైపు సన్నని సందు వదలాలి. రేకు విచ్చుకునేది ఆ సందు దగ్గరే, వర్క్‌షాపులో అతుకు పడేదీ అక్కడే.