రెండు వారాల ప్యాచ్: అక్కాతమ్ముళ్ల వాదన

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఇల్లు. నాన్నకి గుండెలో బృహద్ధమని వాల్వ్ సన్నబడింది. వచ్చే నెల విశాఖలో తొడ దగ్గరి రక్తనాళం గుండా కొత్త వాల్వ్ పెడతారు. ఈలోగా గుండె కొట్టుకునే తీరుని రికార్డు చేసే ప్యాచ్ ఛాతీకి అతికించి ఇంటికి పంపారు.)

తమ్ముడు: ఇంత జబ్బు మనిషికి ఓ బిళ్ళ అతికించి చేతులు దులుపుకున్నారక్కా. విశాఖలోనే అడ్మిట్ చేసుకోవచ్చుగా!

అక్క: ఆస్పత్రి మంచం మీద కనిపించేది పడుకున్న మనిషి గుండె. ఇక్కడ నాన్న మెట్లెక్కుతాడు, బజారుకెళ్తాడు. వాళ్ళు చూడాల్సింది ఆ గుండెని.

తమ్ముడు: ఈసీజీ బాగానే ఉందన్నారుగా?

అక్క: మామూలు ఈసీజీ పది సెకన్లు. గుండె రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. వచ్చి పోయే తేడా ఆ కాస్తలో దొరకాలిగా! ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ యంత్రం, హోల్టర్ అయినా మామూలుగా ఒకటి రెండు రోజులే. ఇది రెండు వారాలు.

తమ్ముడు: దొరికితే మాత్రం? వాల్వ్ ఎలాగూ మారుస్తారు.

అక్క: అసలు సంగతి అక్కడే ఉందిరా. గుండెకి కరెంటు మోసే దారి ఆ వాల్వ్ పక్కనే ఉంటుంది. కొత్త వాల్వ్ దాన్ని నొక్కితే గుండె వేగం పడిపోయి, కొందరికి పేస్‌మేకర్ పెట్టాల్సొస్తుంది. ఆ దారి ముందే బలహీనంగా ఉందని తెలిస్తే డాక్టర్లు సిద్ధంగా ఉంటారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం, బయటపడితే, పక్షవాతం రాకుండా రక్తం పలచబడే మందు సంగతి కూడా చూడాలి.

తమ్ముడు: మరి సిగ్నల్? గట్టి వాన పడితే మన వీధిలో ఫోనే పలకదు. అర్ధరాత్రి ఏమైనా అయితే విశాఖలో ఎవరు చూస్తారు?

అక్క: చూడరు. (ప్యాచ్ ఇచ్చేవాళ్ళు అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇదే.) సిగ్నల్ లేకపోతే రికార్డు అందులోనే ఉండి తర్వాత వెళ్తుందన్నారు. అంతేగానీ అది కాపలా కాదు. కళ్ళు తిరిగి పడినా, ఛాతీ నొప్పొచ్చినా 108కి ఫోన్ చెయ్యాల్సిందే.

తమ్ముడు: నేనంటున్నదీ అదే! బరంపురమైనా విశాఖైనా గంటల దారి. కాపలా లేనిచోట ఎందుకుంచాలి?

అక్క: ఆ భయానికి నా దగ్గర జవాబు లేదు. స్పృహ తప్పితే మాత్రం వెంటనే తెచ్చెయ్యమన్నారు. ఇప్పటికి ఆయాసం ఒక్కటే.

తమ్ముడు: దడ వచ్చిన టైము నోటుబుక్కులో రాయమన్నారట. నాన్న ఒడియాలో రాస్తున్నాడు, చదివిన బడి అదాయె. విశాఖలో ఎవరు చదువుతారు?

అక్క: పక్కనే తెలుగులో నువ్వు రాయి. రాత్రివి అప్పటికప్పుడే రాయాలి, తెల్లారితే ఆయనకి టైము గుర్తుండదు.

తమ్ముడు: రాస్తాను. కానీ విశాఖ నుంచి ఒక్క ఫోనొచ్చిందంటే, ఆ పూటే కారు మాట్లాడేస్తాను. అప్పుడు నన్ను ఆపకు.