నన్ను కూడా ఒక విదేశంగా గుర్తించండి

మా బావమరిది భీమవరం పక్కన, విదేశాలకి సరుకు పంపే ఒక రొయ్యల ప్లాంట్‌లో క్వాలిటీ చూస్తాడు. పోయిన నెల ఏదో పని మీద వెళితే లోపల చూద్దువుగాని రా బావా అన్నాడు. ఆ లోపలికి వెళ్ళడానికి జరిగిన తతంగంలో సగం కూడా నా పెళ్ళిలో జరగలేదు. ఉంగరం తీయించారు, వాచీ తీయించారు, నెత్తికి టోపీ, మూతికి మాస్కు, ఒంటికి తెల్లకోటు, కాళ్ళకి గమ్ బూట్లు, ఆ బూట్లతో క్లోరిన్ నీళ్ళ తొట్టిలో దిగి నడవాలి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని మళ్ళీ మందు నీళ్ళలో ముంచాలి, కుళాయిని చేత్తో ముట్టుకోకూడదు, కాలితో నొక్కాలి. అంతా అయ్యాక ఒకాయన పుస్తకం తీసి, ఈ మధ్య జ్వరం వచ్చిందా, విరేచనాలయ్యాయా, చేతి మీద పుండేమైనా ఉందా అని అడిగి సంతకం పెట్టించుకున్నాడు. ఇంట్లో కూడా నన్నెవరూ ఇంత ప్రేమగా అడగలేదు.

లోపల చలి. స్టీలు బల్లల ముందు వరసగా నిలబడి ఆడవాళ్ళు రొయ్యలు వలుస్తున్నారు. ఒక్కరి చేతికీ గాజు లేదు, తల్లో పువ్వు లేదు, నుదుటన బొట్టుబిళ్ళ కూడా లేదు. బిళ్ళ ఊడి పడితే పాపం న్యూయార్క్‌లో ఎవరి ప్లేట్లోనో తేలుతుంది కదా. ఒకమ్మాయి పని ఏమిటంటే రొయ్యకి థర్మామీటర్ గుచ్చడం, అంకె రాసుకోవడం, మళ్ళీ గుచ్చడం. గడ్డ కట్టించాక రొయ్య లోలోపల కూడా మైనస్ 18 డిగ్రీలకి దిగిందా లేదా అని ఇంకోసారి గుచ్చి చూస్తారు. చివర్లో మెటల్ డిటెక్టర్. సినిమా హాల్లో నన్ను చేత్తో తడిమి వదిలేస్తారు, రొయ్యకి మాత్రం మెషీను.

ఈ పద్ధతిని హాసప్ అంటారట. ఎక్కడ ప్రమాదం రావచ్చో ముందే లెక్కేసుకుని, ఆ చోట కాపలా పెట్టి, పెట్టినట్టు కాగితం మీద రాసుకోవడం. 1960ల్లో అమెరికా వాళ్ళు అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళ తిండి కోసం మొదలుపెట్టింది. పైన కడుపు నొప్పొస్తే ఆర్‌ఎంపీ డాక్టరు దొరకడు కాబట్టి సబబే. 1997 డిసెంబరు నుంచి అమెరికాలో చేపలకీ రొయ్యలకీ దాన్ని తప్పనిసరి చేశారు. అదే ఏడాది యూరప్ వాళ్ళు మన ప్లాంట్లు చూసి, శుభ్రత చాలదని మన సరుకుని గుమ్మంలోనే ఆపేశారు. అంతే, మనవాళ్ళు గోడలకి టైల్స్ వేశారు, ఈగల లైట్లు పెట్టారు, తొట్లు కట్టారు. మనకి శుభ్రత రాదన్నవాడెవడు? వద్దనేవాడు ఒకడు ఉండాలి, ఆ వద్దనే నోట్లో డాలరో యూరోయో ఉండాలి.

ఇక మందుల సంగతి వింటే మీకు రొయ్య మీద అసూయ పుడుతుంది. క్లోరాంఫెనికాల్ అని ఒక యాంటీబయాటిక్ ఉంది. యూరప్‌కి వెళ్ళే రొయ్యలో అది కిలోకి 0.15 మైక్రోగ్రాములకి చేరితే సరుకు వెనక్కే. అంటే ఆరువేల ఆరువందల టన్నుల రొయ్యల్లో ఒక్క గ్రాము కలిపినా పట్టేసుకుంటారన్నమాట. అలా పట్టుకోవడానికి మన పెంపకం రొయ్యల కంటైనర్లలో సగం వాళ్ళ రేవులో పరీక్షకి వెళ్ళాలని 2016లో రూలు పెట్టారు. మన దేశపు చట్టంలోనూ చేపల్లో, రొయ్యల్లో ఆ మందు నిషేధమే, అందులో అనుమానమేం లేదు. కాకపోతే మా వీధి సంతలో ఆ చట్టాన్ని ఎప్పుడూ చూడలేదు, బహుశా దానికి ఆదివారం సెలవు.

ఆదివారం సంత అన్నాను కాబట్టి అక్కడికే వద్దాం. కాలవ గట్టు మీద నీలం పట్టా, దాని మీద చేపలు, పక్కన మురిక్కాలవ, మధ్యలో కత్తిపీట వేసుకుని మా అక్క. (సొంత అక్క కాదు, పదేళ్ళుగా చేపలిచ్చే అక్క.) పొద్దున ఆరింటికి బకెట్లో తెల్లగా ఉన్న నీళ్ళు తొమ్మిదింటికి టీ రంగుకొస్తాయి. ఐసు కరిగిపోయాక మళ్ళీ కొనాలంటే ఆమె లాభంలో ముక్క పోతుంది. ఆ ఐసు ఏ నీళ్ళతో కట్టారో దేవుడికే తెలియాలి. మహారాష్ట్రలో 2018లో, తినకూడని ఐసుకి నీలం రంగు కలపమన్నారు, జనం చూసి తెలుసుకుంటారని. మనకి పట్టా నీలంగా ఉంది, సరిపెట్టుకోవాలి.

ఇందులో అక్కని అనడానికేం లేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం జాలరి జోలికీ, చెరువు రైతు జోలికీ పోదు, సెక్షన్ 18లోనే ఆ మాట రాసుంది. చేప గట్టెక్కి అక్క పట్టా మీదకి రాగానే మాత్రం ఆమె ఫుడ్ బిజినెస్ ఆపరేటర్ అయిపోతుంది. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, మంచి నీళ్ళు వాడాలి, ఊడిపడే నగలు పెట్టుకోకూడదు, ముక్కు చీదకూడదు. ఆ మంచి నీళ్ళొచ్చే కుళాయి ఎవరు వేయిస్తారన్నది రాసుంటే నాకైతే కనబడలేదు.

2018లోనే కేరళ చెక్‌పోస్టుల్లో ఫార్మలిన్ కొట్టిన చేపలు పట్టుబడ్డాయి, వాటిలో మన వైపు నుంచి వెళ్ళినవీ ఉన్నాయన్నారు. శవం పాడవకుండా వాడే మందు అది. వెంటనే అస్సాం పది రోజులు మన చేపలు వద్దంది. చూశారా, యూరప్ వద్దనగలదు, అస్సాం కూడా వద్దనగలదు, వద్దనే దారి లేనిది చెరువు పక్కనే పుట్టి పెరిగిన నాకొక్కడికే.

అందుకని సంబంధిత అధికారులకి నా మనవి. నా ఇంటిని ఒక విదేశంగా గుర్తించండి. జనాభా నలుగురు, అత్తగారొస్తే ఐదుగురు. సరిహద్దు అంటే ముందు వైపు గేటు, వెనక వైపు పక్కింటివాళ్ళ మునగచెట్టు. జెండాగా ప్రస్తుతానికి దండెం మీద దుప్పటి వాడుకుంటాం. మీ హెల్త్ సర్టిఫికెట్‌లో సరుకు చేరవలసిన దేశం అని ఒక గడి ఉంటుందట, అందులో మా డోర్ నంబరు రాస్తే చాలు. అర కిలో రొయ్యలకి అంత కాగితం ఎందుకంటే, పోనీ రెండు కిలోలు కొంటాను.

మొన్న ఆదివారం బావమరిదిని కూడా సంతకి తీసుకెళ్ళాను, నిపుణుడు కదా అని. వాడు చేతులు కడుక్కోకుండానే కనాగంత మొప్ప ఎత్తి చూశాడు, పొట్ట నొక్కాడు, ముక్కు దగ్గర పెట్టుకుని బాగుంది బావా తీసుకో అన్నాడు.

"థర్మామీటర్ లేకుండా ఎలా చెప్పావురా?"

"ముక్కుంది కదా బావా."

ఆ ముక్కే తిరిగొస్తూ, కనాగంత, సూర లాంటివి ఎండలో ఉంటే హిస్టమిన్ అనే విషం పుడుతుందనీ, అది వాసనకి తెలియకపోవచ్చనీ, ఎంత ఉడికించినా పోదనీ చెప్పింది. ఇంతలో వాడికి ఫోనొచ్చింది. కోల్డ్ స్టోర్లో మైనస్ 18 ఉండాల్సింది మైనస్ 15 చూపిస్తోందట. మొహం పాలిపోయింది. నన్ను సందు మొదట్లో దింపేసి, "అర్జంటు బావా, కంటైనర్ పోతుంది" అంటూ బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. నా కనాగంతల సంచి వాడి హ్యాండిల్‌కే వేలాడుతూ వెళ్ళింది.

మధ్యాహ్నం రెండింటికి తెచ్చిచ్చాడు. రొయ్యలకేం కాలేదట. మా ఆవిడ సంచి విప్పి వాసన చూసి, ఒక క్షణం ఆగి, చింతపండు ఇంకో నిమ్మకాయంత నానబెట్టింది.