సిరిమాను ఉంది, పూజారి కుట్టులోకి పోయాడు

ఏటండీ ఇది? ఇవాళ విజయనగరంలో ఒక స్టాల్లో కుషన్ కవరు. పైడితల్లి అమ్మవారి జాతరలో పొడుగు మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారే, ఆ సిరిమానోత్సవం బొమ్మ, మన కుర్ర ఆర్టిస్టు వేసింది. మాను ఉంది, కింద జనం ఉన్నారు, కొసన కూర్చున్న పూజారి మాత్రం కుట్టులోకి పోయాడు. ఆర్టిస్టు సంతకం కూడా ఆయన వెంటే పోయింది. ధర 350. అడిగితే "చవగ్గా ఇవ్వాలంటే ఇలాగే ఉంటాది" అట!

చవక్కీ దీనికీ ఏటి సంబంధం? 16 అంగుళాల కవరుకి గుడ్డ 17 అంగుళాలు తీసుకోవాలి, చుట్టూ అరంగుళం కుట్టుకి పోతుంది. దిండు దూర్చాక అంచులు వెనక్కి తిరుగుతాయి కాబట్టి ముఖాలూ సంతకాలూ ఇంకో రెండంగుళాలు లోపలే ఉండాలి. పొడుగు బొమ్మ చదరంలో పట్టదా, 12కి 20 కవరు కుట్టండి. దీనికి కావలసింది టేపు ఒక్కటే.

ప్రింటు సంగతి సరేసరి, వాట్సాప్ ఫొటో. 17 అంగుళాలకి 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) అనుకున్నా 2,550 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్ ఫొటోని నలిపేస్తుంది, డాక్యుమెంటుగా పంపమనాలి. పైగా ఫ్లాష్‌తో తీశారు, వార్నిష్ మెరుపు ఆకాశంలో తెల్లమచ్చై కూర్చుంది. రెండు పక్కల నుంచీ 45 డిగ్రీల్లో సమానంగా వెలుతురు పడితే ఆ గోలే ఉండదు.

వేసింది సబ్లిమేషన్ ప్రింటు, అంటే కాగితం మీది రంగుని వేడితో గుడ్డకి ఎక్కించడం. 200 డిగ్రీల దగ్గర నిమిషంలోపు అయిపోతుంది, కానీ ఆ రంగు పాలిస్టర్‌కే పడుతుంది. నూలు మీద కొడితే ఒకటి రెండు ఉతుకుల్లో వెలిసిపోతుంది. నూలుకి రియాక్టివ్ ప్రింటు (నూలుపోగుతో కలిసిపోయే రంగు) వేసి, ఆవిరి పట్టి, మిగులు రంగు కడగాలి. పాలిస్టరైతే పాలిస్టరని రాయండి, తప్పేముంది? చీటీ మీద ఏటి రాశారో తెలుసా? పొందూరు ఖద్దరు!

వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన గుడ్డ 350కి దిండు కవరుగా వస్తుందా బావూ? మిల్లు గుడ్డకి పొందూరు పేరు తగిలించడం ఇవాళ మొదలైన జబ్బు కాదులెండి. నేతగాళ్ళ పేరు లేనిచోట అతికిస్తారు, ఆర్టిస్టు పేరు ఉన్నచోట కోసేస్తారు.

"పెయింటింగ్ మేం కొన్నాం కదా" అంటారు మళ్ళీ. కొన్నది కేన్వాసు, కాపీరైటు కాదు. హక్కులు రాసిచ్చేసినా సరే, పేరు చెప్పుకునే హక్కు, పరువు పోయేలా బొమ్మని పాడుచేస్తే అడ్డుకునే హక్కు ఆర్టిస్టువే. 1957 కాపీరైటు చట్టం, 57వ సెక్షన్. ఆర్టిస్టులూ, ఒప్పందంలో గడువు కూడా రాయించుకోండి, రాయకపోతే హక్కులు 5 ఏళ్ళకి ఇచ్చినట్టే లెక్క. అమ్మిన ధర మీద 8 శాతం అడగండి. 350కి 28 రూపాయలు. గంటస్తంభం దగ్గర రెండు టీల డబ్బులకి ఇంత ఏడుపా?

పక్కనే ఎండీఎఫ్ కోస్టర్లు కూడా పెట్టారు, చెక్కపీచు నొక్కి చేసిన పలకతో, గ్లాసు కింద పెట్టుకునే బిళ్ళలు. అంచులకి తడి ఎక్కనివ్వని సీలర్ పూత లేదు. చల్లటి గ్లాసు నాలుగు రోజులు పెట్టి చూడండి, అప్పడంలా పొంగుతాయి.