చిట్టా ఉంటే చింతేల?

గర్భిణుల మత్తుమందుల సమస్యకి తక్కువ ఖర్చులో వైద్యం కనిపెట్టిన ఘనత అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రానిది. ఆ వైద్యం పేరు రిజిస్టరు, అంటే చిట్టా. చికిత్స అంటే డాక్టర్లు కావాలి, మంచాలు కావాలి, బడ్జెట్ కావాలి. రిజిస్టరుకి ఒక ఫారం చాలు.

కొందరు పసిబిడ్డలు తల్లి కడుపులో ఉండగానే ఓపియాయిడ్ (నల్లమందు కోవ) మందులకి అలవాటు పడతారు. పుట్టాక అవి అందక వణికిపోతారు, గుక్కపట్టి ఏడుస్తారు. అలాంటి బిడ్డ పుడితే ఆరోగ్యశాఖకి తెలపాల్సిందేనని 2013 జనవరి 1 నుంచి టెన్నెసీ నిబంధన పెట్టింది. ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. ఇంతవరకు మంచి పనే, వెటకారం కాదు.

కానీ చిట్టాకి నోరు ఆగదు, అడగనివి కూడా చెప్పేస్తుంది. సగానికి పైగా కేసుల్లో తల్లి వాడిన మందుల్లో కనీసం ఒకటి డాక్టరు చీటీ మీద వచ్చిందేనని బయటపెట్టింది. నొప్పికి రాసిన మాత్రలు కొన్ని. ఆ మాత్రల అలవాటు మాన్పించడానికి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ లాంటివి మరికొన్ని. అంటే బుద్ధిగా చికిత్స తీసుకుంటున్న తల్లి బిడ్డ కూడా ఆ లెక్కలోనే.

ఇప్పుడు బాధ్యత గల ప్రభుత్వం ఏం చేయాలి? చీటీలు రాసిన చేతుల్ని పట్టుకోవాలా? పాపం, పెద్ద చదువులు చదివినవాళ్లు. అందుకని 2014 జులై 1 నుంచి, అక్రమంగా నార్కోటిక్స్ అనే కోవ మత్తుమందులు వాడి బిడ్డకి హాని చేసిందంటూ తల్లి మీదే దాడి కేసు పెట్టే చట్టం తెచ్చారు. శిక్ష దాదాపు ఏడాది జైలు. చికిత్స పూర్తి చేస్తే తప్పించుకోవచ్చన్నారు, దయగల ప్రభువులు. గర్భిణిని, ఆవిడ వెంట ఉన్న పిల్లల్ని కూడా చేర్చుకునే కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయని గిట్టనివాళ్లు గొణిగారు. మొదటి అరెస్టు మెథాంఫెటమిన్ అనే ఉత్తేజపు మత్తుమందు వాడిన ఆవిడది. అది నార్కోటిక్స్ కోవలోకే రాదు. శుభమా అని పని మొదలుపెడుతుంటే ఈ తర్కాలెందుకు?

మద్యం బిడ్డ మెదడుని జీవితాంతం దెబ్బతీయగలదు, సిగరెట్ వల్ల బిడ్డ బరువు తగ్గుతుంది. అయినా ఆ చట్టం ఈ రెండింటి జోలికి పోలేదు. జాక్ డేనియల్స్ విస్కీ తయారయ్యేది టెన్నెసీలోనే మరి. ఇంటి అల్లుణ్ణి ఎవరైనా నిలదీస్తారా?

ఈ విద్యలో గురుపీఠం మాత్రం దక్షిణ కెరోలినాలోని చార్ల్స్టన్‌దే. అక్కడి వైద్య విశ్వవిద్యాలయ ఆస్పత్రి 1989లో పోలీసులతో చేతులు కలిపి, ఏ గర్భిణి మూత్రాన్ని కొకైన్ కోసం పరీక్షించాలో తొమ్మిది గుర్తులు రాసుకుంది. చెకప్‌లకి అసలు రాకపోవడం ఒక గుర్తు. ఆలస్యంగా రావడం ఇంకోటి. వచ్చినా మధ్యలో మానేయడం మరోటి. రాకపోతే అనుమానం, వస్తే బేడీలు. అరెస్టయిన 30 మందిలో 29 మంది నల్లజాతి స్త్రీలు. మిగిలిన ఒక్క తెల్లావిడ కేస్ షీట్లో నర్సు ఒక వైద్య విశేషాన్ని మరిచిపోకుండా రాసింది: ఆవిడతో కలిసి ఉంటున్నవాడు నల్లజాతివాడని. అది ఏ జబ్బు లక్షణమో మరి! పోలీసుల కోసం రోగి అనుమతి లేకుండా ఇలా పరీక్షలు చేయడం కుదరదని 2001లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో ఆట చెడగొట్టింది.

టెన్నెసీ చట్టం మాత్రం ఫలితాలు చూపించింది. భయపడి కొందరు పక్క రాష్ట్రాలకి వెళ్లి కన్నారు, కొందరు చెకప్‌లే మానేశారు. ఆస్పత్రికి రాని గర్భిణి పేరు ఏ చిట్టాకీ ఎక్కదు కాబట్టి, ఆవిడకి సమస్య లేనట్టే. ఇంత చక్కటి చట్టానికి 2016 జులై 1తో గడువు తీరిపోతే సభవారు పొడిగించనే లేదు.

మళ్లీ ఎవరైనా ఇలాంటిది తలపెడితే నాదొక చిన్న మనవి. ఫారంలో ఒక గడి పెంచండి: మొదటి మాత్ర రాసిన డాక్టరు పేరు. ఫారం నింపేది కూడా డాక్టరుగారే కాబట్టి, ఆ గడి ఖాళీగా వస్తే ఏమీ అనుకోకండి.