ఒంట్లో బాగుందని మాత్ర ఆపేస్తే

దాళ్వా నాట్లు ముగిసేసరికి కోనసీమ ఊళ్లలో నడుం పట్టేసిందనీ కీళ్లు లాగేస్తున్నాయనీ అననివాళ్లు ఉండరు. అందుకే ముప్పై ఏళ్ల కోడలు పొద్దున్నే వేళ్లు ముడవలేకపోతే వాతం అంటారు. ముక్కు మీద, బుగ్గల మీద ఎర్రగా కమిలితే మంగు అంటారు. ఆర్‌ఎంపీ సూదేస్తాడు, సాయంత్రానికి నొప్పి పోతుంది. అందులో ఉన్నది స్టెరాయిడ్ అయితే పోక ఏం చేస్తుంది!

ఆ నొప్పీ, ఆ ఎరుపూ లూపస్ అనే జబ్బువి కావచ్చు. దాని విషయంలో నా బాధల్లా ఇదే. చటుక్కున పనిచేసే మందుకి మన దగ్గరున్న మర్యాద, నిదానంగా పనిచేసేదానికి లేదు.

మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మన అవయవాల మీద పడే జబ్బిది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే. దీనికి పునాది మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020లో కరోనాకి పనికొస్తుందని జనం ఎగబడి కొన్నది దాన్నే. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు మించకుండా, మొదట్లో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా కంటి పరీక్ష చేయించుకుంటూ ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. కానీ "కళ్లు పోతాయంట" అన్న ఒక్క మాటకి మానేస్తారు. స్టెరాయిడ్‌ని మాత్రం పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొంటారు. ముఖం ఉబ్బితే కాస్త ఒళ్లు చేసిందనుకుంటారు. డాక్టర్లేమో దాన్ని, ప్రెడ్నిసలోన్ మాత్ర లెక్కన, రోజుకి 5 మిల్లీగ్రాములకో ఇంకా కిందకో మెల్లగా దించాలని చూస్తారు. అలాగని ఉన్నపళంగా ఆపేసినా ప్రమాదమే.

లూపస్ వల్ల కిడ్నీ దెబ్బతింటున్నా నొప్పి పుట్టదు. మూత్రంలో ప్రొటీన్ పోతోందా, బీపీ పెరిగిందా అన్నది చూస్తేనే తెలుస్తుంది. గోదావరి నెమ్మదించిన నెలల్లోనే ఏటిగట్టు బలహీనతలు వెతుక్కునే జిల్లాల వాళ్లం, ఇది మనకి కొత్తగా చెప్పాలా? స్పెషలిస్టు కోసం కాకినాడో విశాఖో వెళ్లక తప్పకపోవచ్చు గానీ, ఈ రెండు పరీక్షలకి ఊరు దాటక్కర్లేదు.

ఎండ తగిలితే లూపస్ రేగుతుంది కాబట్టి ఎండలోకి వెళ్లొద్దని చెప్పడం తేలిక. నాట్ల కూలికి ఎండ పైనుంచే కాదు, మడిలో నీళ్ల మీంచి కూడా కొడుతుంది. చీర మీద మగాళ్ల ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కునే మన ఆడవాళ్ల అలవాటు, సన్‌స్క్రీన్ కొనలేని ఇంట్లో పెద్ద అండ.

పెళ్లి దగ్గరే వస్తుంది అసలు చిక్కు. సంబంధం తప్పిపోతుందని జబ్బు దాస్తారు. నెల తప్పగానే మాత్రలన్నీ ఆపేయమంటారు అత్తింట్లో. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపకూడదు. లూపస్‌కే వాడే మరో మందు, కడుపులో బిడ్డకి హాని చేసే మైకోఫెనొలేట్ అయితే గర్భానికి కనీసం ఆరు వారాల ముందే మార్పించుకోవాలి. ఈ తేడా ఎవరైనా చెప్పాలంటే, ఆ పిల్లకి లూపస్ ఉందని ముందు ఆ ఇంట్లో తెలిసుండాలి.