హెరోఫిలస్ కోశాడంటున్న ఖైదీల సంగతి కూడా క్లాసులో చెప్పాలి

అనాటమీకి తండ్రి ఎవరంటే చాలామంది గ్రీకు డాక్టర్ హెరోఫిలస్ పేరే చెప్తారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో, అక్కడ ఏలిన టోలెమీ రాజుల అండతో, ఈయనా ఎరాసిస్ట్రేటస్ అనే ఇంకో డాక్టరూ మనిషి శవాల్ని కోసి చూశారు, నర్వ్స్ (నరాలు) వేరు రక్తనాళాలు వేరు అని తేలింది అక్కడే. ఇక్కడిదాకా నాకేం అభ్యంతరం లేదు.

కానీ దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత రోమ్‌లో వైద్యం మీద పుస్తకం రాసిన సెల్సస్ ఇంకో మాట రాశాడు, రాజుల జైళ్లలోంచి తెచ్చిన నేరస్తుల్ని వీళ్లు బతికుండగానే కోసి ఊపిరి ఆగేలోపు లోపలి అవయవాల రంగు, ఆకారం చూసుకున్నారని. తర్వాతెప్పుడో టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత 600 మంది అన్నాడు, ఆ అంకెని నేను నమ్మను, ఖండించడానికే రాసిన మాట అది. అసలు బతికున్నోళ్లని కోశారన్నదే నిజం కాదనే చరిత్రకారులూ ఉన్నారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది దాన్ని సమర్థించిన తీరు. కొద్దిమంది నేరస్తులు బాధపడితే ఏంటి, రాబోయే కాలాల్లో అమాయకులందరికీ మందు దొరుకుతుంది కదా, ఇది క్రూరత్వం ఎలా అవుతుంది అన్నారట. ఆ లెక్కలో ఖైదీ అసలు మనిషే కాదు, రాజు శిక్షేశాడు కాబట్టి ఆ ఒళ్లు రాజుది, రాజు ఇచ్చాడు కాబట్టి డాక్టర్‌ది, అంతే. వాళ్లెవరో, ఏం నేరం చేశారో సెల్సస్ కూడా రాయలేదు.

దీన్ని ఆ రోజుల్లోనే ఎంపిరిసిస్టు డాక్టర్లు, అంటే అనుభవమే వైద్యానికి ఆధారం అనేవాళ్లు, గట్టిగా ఎదిరించారు. కత్తి పడగానే ఆ నొప్పికి లోపల అంతా మారిపోతుంది, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) తెగితే మనిషి పోతాడు, ఇంక ఛాతీలో మీరు చూసేది శవాన్నే కదా అన్నారు. గాయపడిన గ్లాడియేటర్‌కో సైనికుడికో కట్టు కడుతూ కూడా లోపల ఏముందో తెలుసుకోవచ్చన్నారు, ప్రాణం తీస్తూ కాదు, నిలబెడుతూ.

సెల్సస్ తీర్పు ఏంటంటే బతికున్నోళ్లని కొయ్యడం క్రూరం, అనవసరం, శవాన్ని కొయ్యడం మాత్రం నేర్చుకునేవాళ్లకి అవసరం. నాదీ అదే మాట. శవాన్ని కూడా ముట్టకపోతే ఏమవుతుందో రోమన్ కాలపు గ్రీకు డాక్టర్ గాలెన్‌ని చూస్తే తెలుస్తుంది, కోతుల్ని కోసి మనిషి గురించి రాశాడు, కింది దవడ రెండు ఎముకలన్నాడు, 1543లో వెసాలియస్ అనే అనాటమీ ప్రొఫెసర్ దిద్దేదాకా అదే నడిచింది.

మన మెడికల్ కాలేజీల్లో ఇప్పుడు ఫస్టియర్ వాళ్లకి శవమే మొదటి గురువు అని ఎథిక్స్ క్లాసులో చెప్తున్నారు, చాలా మంచి పని. తల వెనక రక్తనాళాలు కలిసే చోటుకి ఇప్పటికీ హెరోఫిలస్ పేరే ఉంది కాబట్టి, ఆ పేరు చెప్పేటప్పుడే జైలు నుంచి తెచ్చారంటున్న ఆ మనుషుల గురించి ఒక్క ఐదు నిమిషాలైనా చెప్పాలి.